మొదటి గైర్హాజరు

అక్టోబరు 1, మంగళవారం

రౌండ్స్ అయ్యాక పెద్ద డాక్టరు గారు గదిలోకి పిలిచారు. ఏదో తప్పు దొర్లిందనుకుని చేతులు తుడుచుకుంటూ వెళ్ళాను.

"ఈ ఏడాది మన యూనిట్లో డయాలిసిస్ మధ్యలో మానేసినవాళ్ళు ఎంతమంది సిస్టర్?"

"ఏడుగురు సార్."

"ఎందుకు మానేశారు?"

బస్సు డ్రైవరు సంగతి చెప్పాను. ఎనిమిది నెలలు ఒక్క రోజు తప్పకుండా వచ్చాడు. తొమ్మిదో నెల్లో ఓ బుధవారం రాలేదు. ఫోన్ చేస్తే భార్య ఎత్తి "పడుకున్నారు" అంది. పది రోజులాగి చేస్తే ఆవిడే ఎత్తి "పోయారు" అంది. తక్కిన ఆరుగురిదీ ఇంచుమించు అంతే. ఎందుకో మాత్రం తెలీదు.

"ఆ 'తెలీదు' మీదే ఒక కాన్సెప్ట్ పేపర్ రాయండి, ఏం పరిశోధించాలో ఎలాగో చెప్పే కాగితం. మూడు పేజీలు చాలు. ముప్ఫయ్యొకటో తారీకులోగా పరిశోధన కమిటీకి ఇవ్వాలి. నేను రాస్తే పుస్తకం వాసనేస్తుంది. మీరు పందొమ్మిదేళ్ళుగా ఆ మంచాల మధ్య తిరుగుతున్నారు."

నేను జన్మలో రాసినవి రెండే. డ్యూటీ మారేటప్పుడు రాసే నోట్సు, ఈ డైరీ. ఆ మాట చెప్పకుండా "సరే సార్" అనేసి వచ్చాను.

డయాలిసిస్‌కొచ్చి ఐదో మంచం మీద మా అన్నయ్య. ఇవాళ రెండు కిలోల ఎనిమిది వందలు ఎక్కువ తూగాడు. అన్ని నీళ్ళు ఎక్కడ తాగావంటే పైకప్పు వంక చూశాడు. బాగా చివాట్లు పెట్టాను.

అక్టోబరు 4, శుక్రవారం

పేపరు మొదలుపెట్టి పూర్తి కూడా చేసేశాను, రెండున్నర పేజీలు. కాలేజీ బ్లాకులో లెక్కల మేడంకి చూపించాను. గణాంకాలు ఆవిడ పని. పరిశోధన అన్నవాడెవడైనా ఆవిడ బల్ల ముందు నిలబడాల్సిందే.

చదివి కళ్ళద్దాలు తీశారు. "ఇది కాన్సెప్ట్ పేపర్ కాదమ్మా, ఫిర్యాదు."

"ఏం మేడం?"

"'రోగులకు అవగాహన లేదు, కుటుంబం పట్టించుకోదు, కాబట్టి కౌన్సెలింగ్ ఇవ్వాలి' అని రాశావు. జవాబు నీ దగ్గరే ఉంటే ఇంక పరిశోధన దేనికి?"

నాకు మొహం చెల్లలేదు. ఆవిడే టీ తెప్పించి నెమ్మదిగా చెప్పారు. నిన్ను ఎరగనివాడు, పది నిమిషాల కన్నా తీరిక లేనివాడు చదువుతాడు. వాడికి తెలియాల్సింది ఇంతే. నొప్పి ఎక్కడుంది, ఎవరికి ఉంది. దాని గురించి ఇప్పటిదాకా ఏం తెలుసు, ఏం తెలీదు. ఆ తెలీనిదాన్ని ఎలా తెలుసుకుంటావు. తెలిస్తే ఏం మారొచ్చు. "మారొచ్చు అనే రాయి, మారుతుంది అని రాయకు."

"ముందు ఒకే ఒక్క ప్రశ్న రాసుకురా. అది కుదిరితే తక్కినవన్నీ దాని వెనకే నడిచొస్తాయి."

ఇంటికొచ్చి కూర్చున్నాను. ఒక్క ప్రశ్న. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి గానీ ప్రశ్న రాలేదు.

అక్టోబరు 6, ఆదివారం

అన్నయ్య నా కాగితాలు చదివేశాడు. అడగలేదు, బల్ల మీదుంటే తీసుకున్నాడు. ముప్ఫయ్యేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన చెయ్యి, ఊరుకోదు. కరెంటు బిల్లులో తప్పున్నా దిద్ది గానీ కట్టనివ్వడు. జబ్బు చేశాక ప్రెస్సు మానేసినా ఎర్ర పెన్ను జేబులోనే ఉంటుంది.

"'చికిత్స రోగులచే మధ్యలో నిలిపివేయబడుచున్నది.' ఏం భాష ఇది అమ్మడూ?"

"ఆఫీసుకి అలాగే రాయాలి."

"ఎవడు నిలిపేశాడు? ఆ మనిషిని ముందుకి రానీ. 'బడు' వెనకాల దాక్కోవద్దు."

రెండున్నర పేజీల్లో పదిహేడు 'బడు'లు. అన్నీ కొట్టేశాడు. కొట్టేశాక వాక్యాలన్నీ "మానేశారు, మానేశారు" అని మిగిలాయి. వదిన వంటింట్లోంచి తొంగి చూసి, "ఏంటి, అన్నాచెల్లెళ్ళు ఎవరిని మాన్పిస్తున్నారు?" అంది. ముగ్గురం నవ్వాం.

బాగా గడిచింది ఇవాళ.

అక్టోబరు 8, మంగళవారం

అన్నయ్య రాలేదు. జలుబట. గురువారం వస్తాడు.

అక్టోబరు 10, గురువారం

వచ్చాడు. నాలుగు కిలోల రెండు వందలు ఎక్కువ. పాదాలు నొక్కితే గుంట పడుతోంది. అందరి ముందూ అరిచాను. మెషీన్ మీద ఉన్న నాలుగు గంటలూ కళ్ళు మూసుకునే ఉన్నాడు. బీపీ పడిపోయి రెండుసార్లు కాళ్ళు ఎత్తి పెట్టాల్సి వచ్చింది.

జలుబేమీ లేదు.

అక్టోబరు 12, శనివారం

ఐదో మంచం ఖాళీ. పదింటి దాకా దుప్పటి పరిచే ఉంచాను, తరవాత వేరేవాళ్ళకి ఇచ్చేశారు.

ఇంటికి ఫోన్ చేశాను. వదిన, "ముఖం కడుక్కున్నారు, చొక్కా వేసుకున్నారు, మళ్ళీ విప్పేశారు. ఏమని అడగను?" అంది.

అక్టోబరు 13, ఆదివారం

గొడవ. రాయను.

మంగళవారం వస్తానన్నాడు. అన్నాడా? "చూద్దాంలే" అన్నాడు. అన్నయ్య చూద్దాంలే అంటే చేస్తాడనే అర్థం. చిన్నప్పణ్ణుంచీ అంతే.

అక్టోబరు 15, మంగళవారం

రాలేదు. నాకు పేపరు పని చాలా ఉంది.

అక్టోబరు 16, బుధవారం

ప్రశ్న కుదిరింది. "వస్తున్నవాళ్ళు రావడం ఎందుకు మానేస్తున్నారు?" మేడం బాగుందన్నారు. వెంటనే ఇంకోటి అడిగారు.

"ఎవరిని అడుగుతావు?"

"మానేసినవాళ్ళని."

"ఎప్పుడు?"

అర్థం కాలేదు. ఆవిడ నా ఏడుగురి జాబితా ముందుకు జరిపారు. ఆఖరిసారి మెషీన్ ఎక్కిన తేదీ ఒక గడి, చనిపోయిన తేదీ ఇంకో గడి. నేనే నింపాను ఆ జాబితా. ఎనిమిది రోజులు, పదకొండు, పద్నాలుగు, తొమ్మిది. అందరికన్నా ఎక్కువ ఆగినాయన ఇరవై రెండు.

"మానేశారని నువ్వు ఖాయం చేసుకుని, కాగితాలు పట్టుకుని వాళ్ళింటికెళ్ళేసరికి అడగడానికి మనిషి ఉండడు. ఉన్నా మాట్లాడే స్థితి ఉండదు. భార్యనో కొడుకునో అడిగితే అది వాళ్ళ జవాబవుతుంది గానీ ఆయన జవాబు అవదు. నీ పేపరంతా ఇక్కడే నిలబడాలి, లేదా ఇక్కడే కూలిపోవాలి."

ఆ తేదీలు మళ్ళీ ఒకసారి చూశాను. మొదటి గైర్హాజరు అన్నాను నేను. మానేశారా లేదా అని చూడకుండా, మొదటిసారి రాని రోజు నుంచి రెండు రోజుల్లోపు ఇంటికి వెళ్ళాలి. తిట్టడానికి కాదు, పిలుచుకు రావడానికీ కాదు. అడగడానికి.

"అది రాయి," అన్నారు మేడం. "యూనిఫాం లేకుండా వెళ్ళాలని కూడా రాయి. 'రండి' అన్న మాట అనకూడదని కూడా. అంటే ఇంక నిజం చెప్పరు."

బస్సులో వస్తూ వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదో తారీకు నుంచి ఆరు రోజులు.

అన్నయ్యకి ఇంకా కొంచెం మూత్రం వస్తుంది. వాళ్ళతో పోల్చకూడదు.

అక్టోబరు 17, గురువారం

రాలేదు.

అక్టోబరు 18, శుక్రవారం

'లక్ష్యాలు' అన్న చోట నిన్న "మానేసినవారిని తిరిగి చికిత్సకు రప్పించుట" అని రాశాను. మేడం కొట్టేశారు. సాయంత్రం మళ్ళీ రాశాను. ఇవాళ మళ్ళీ కొట్టేశారు.

"ఎందుకమ్మా ఇది వదలవు?"

ఆవిడకి మా ఇంటి సంగతి తెలీదు. పెళ్ళి చెడి అన్నయ్య ఇంటికొచ్చి పదకొండేళ్ళు. ఆ రోజు ఎందుకొచ్చావని అడగలేదు మనిషి. బల్ల మీద తన ప్రూఫులు ఒక పక్కకి జరిపి నాకు చోటిచ్చాడు, అంతే.

వదిన వరండాలో నన్ను పట్టుకుంది. "నువ్వు నర్సువి కదా. ఊళ్ళో వాళ్ళందరికీ చేస్తావు. ఏదో ఒకటి చెయ్యవే."

చేస్తానన్నాను.

అక్టోబరు 20, ఆదివారం

ఇదంతా ఉన్నదున్నట్టు రాసుకోవాలి.

పొద్దున అన్నయ్య కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదు. మొహం ఉబ్బింది. నేను పుస్తకం, పెన్ను, మేడం ఒప్పుకున్న నాలుగు ప్రశ్నల కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

"పేపరు కోసం. ప్రశ్నలు సరిగ్గా ఉన్నాయో లేదో ఒకళ్ళ మీద చూడమన్నారు."

అబద్ధం. ఎవరూ చూడమనలేదు.

"సంతకం పెట్టించుకోవా? కమిటీ ఒప్పుకోదేమో."

అంగీకార పత్రం కూడా తెచ్చాను. పెట్టాడు. పెట్టి, అందులో ఒక పొల్లు పడలేదని చూపించాడు.

"చికిత్సకు రావడం ఆపాలని మొదటిసారి ఎప్పుడనిపించింది?"

"ఆపాలని అనిపించలేదు. వెళ్ళబుద్ధి కాలేదు. రెండూ ఒకటి కాదు. ప్రశ్న మార్చు."

మార్చి రాసుకున్నాను.

"మంగళవారం మెషీన్," అన్నాడు. మధ్యమధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. "బుధవారం తేరుకోవడం. గురువారం మెషీన్. శుక్రవారం తేరుకోవడం. శనివారం మళ్ళీ. ఆదివారం ఒక్కటే నాది. ఆ ఒక్కరోజూ నీళ్ళ గ్లాసు కొలుచుకుంటూ కూర్చోవాలి. ఇదివరకు ఆదివారం ఏదో ఒకటి చదివేవాణ్ణి. ఇప్పుడు 'థ'లో చుక్క కనపడదు. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతున్నాను."

"మరి నాకు చెప్పలేదేం? వదినకైనా..."

"దానికి చెప్తే కళ్ళజోడు మార్పిస్తుంది. నీకు చెప్తే రక్తపరీక్ష రాయిస్తావు."

రాసుకున్నాను. ఇంకేమైనా ఉందా అని అడిగాను. అది నాలుగో ప్రశ్న.

"నన్ను అన్నయ్యా అని పిలిచి ఎన్నాళ్ళైందో చెప్పు."

"రోజూ పిలుస్తూనే ఉన్నాను."

"లేదమ్మడూ. 'బరువెంత' అంటావు. 'ఎన్ని నీళ్ళు' అంటావు. ఇంట్లో అడుగుపెడుతూనే నా మొహం చూడవు, పాదాలు చూస్తావు."

పెన్ను పక్కన పెట్టాను.

"అందుకనా మానేశావు?"

"ఛ, అందుకని కాదు. అన్నీ కలిపి. కారణం ఒక్కటే ఉండాలని నీ కాగితంలో ఎవరు రాశారు?"

ఇంకా ఏవేవో చెప్పాడు. సూది గుచ్చే చోట చెయ్యి గొంగళిపురుగులా ఉబ్బిందని పొడుగు చేతుల చొక్కాలే వేసుకుంటున్నాడట. కారణం ఇదని నాకు తెలీదు. వారానికి మూడుసార్లు ఆ చేతికే సూది గుచ్చుతాను.

ఆఖర్న ఉండబట్టలేక అడిగేశాను. "అన్నయ్యా, ఎల్లుండి వస్తావా?"

నవ్వాడు. "ఆ ప్రశ్న నీ కాగితం మీద లేదుగా."

అక్టోబరు 22, మంగళవారం

చేశాను. వదినకి మాటిచ్చినట్టే అంబులెన్సు పిలిపించాను. యూనిట్లో ఐదో మంచం ఆపించాను. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ పట్టుకుని గుమ్మంలోకొచ్చారు. అన్నయ్య కుర్చీలోంచే, "బాబూ, మీకు శ్రమిచ్చాం. వెళ్ళిరండి," అన్నాడు. వాళ్ళు నా వంక చూశారు. వదిన నా వంక చూసింది.

పెద్ద డాక్టరు గారికి ఫోన్ చేసి ఏడ్చేశాను. మధ్యాహ్నం ఆయనే ఇంటికొచ్చారు. తలుపు వేసుకుని అన్నయ్యతో ఇరవై నిమిషాలు మాట్లాడారు. మేమిద్దరం బయట గోడకి ఆనుకుని నిలబడ్డాం. లోపల్నుంచి ఒకసారి నవ్వు కూడా వినపడింది.

బయటికొచ్చి, "ఆయనకి అన్నీ తెలుసు. ఏమవుతుందో, ఎన్ని రోజుల్లో అవుతుందో నాకన్నా బాగా చెప్పారు. మనసు మారితే ఏ వేళనైనా తీసుకురండి, మెషీన్ ఇస్తాను. మార్చమని బలవంతం చేసే హక్కు మాత్రం నాకూ లేదు, మీకూ లేదు. ఊపిరి కష్టం లేకుండా మందులు రాస్తాను," అన్నారు.

చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఆగి, "పేపరు ఇంకొకరికి అప్పజెప్పనా సిస్టర్?" అని అడిగారు.

వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో తెలీదు.

అక్టోబరు 24, గురువారం

సెలవు పెట్టాను. మందులు వేళకి ఇస్తున్నాను. అన్నయ్య ఎక్కువ నిద్రలోనే ఉంటున్నాడు. దురద. వదిన తడిగుడ్డతో వీపు తుడుస్తూనే ఉంది. నీళ్ళు కావాలంటే గ్లాసు నిండా ఇచ్చాను. కొలవలేదు. సగం తాగి, "చాలు, అంత దాహమేం లేదు," అన్నాడు.

అక్టోబరు 25, శుక్రవారం

పేపరు మూడు పేజీలకి సరిపోయింది.

మనసు మారుతుందేమో. సార్ అన్నారుగా, ఏ వేళనైనా అని.

అక్టోబరు 26, శనివారం

మెలకువగా ఉన్నాడు. పేపరు ఏమైందన్నాడు. కాగితం చేతికిస్తే, తిరిగి ఇచ్చేసి చదవమన్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు.

"అక్కడ ఆగు. 'రోగి సహకరించనిచో' ఏంటి? తీసెయ్."

"అది ఫారంలో ఉన్న మాట."

"అయినా తీసెయ్. వాళ్ళింటికి నువ్వెళ్తున్నావు. సహకరించాల్సింది నువ్వు."

తీసేశాను. పైన 'చికిత్స మానుటకు కారణము' అని ఉంటే 'కారణాలు' చెయ్యమన్నాడు. చేశాను. చివరిదాకా చదివాను. 'ఆశించే ఫలితాలు' దగ్గర మేడం చెప్పినట్టు ఒకే వాక్యం ఉంచాను. మానేసేముందు మనిషి ఏం చెప్పాలనుకుంటాడో తెలియవచ్చు.

"బాగుంది," అన్నాడు. ముప్ఫయ్యేళ్ళ ప్రూఫుల్లో ఎవరు రాసిందీ బాగుందనలేదు. నాకు భయమేసింది.

అక్టోబరు 27, ఆదివారం

మాట లేదు.

అక్టోబరు 29, మంగళవారం

ఉదయం ఆరూ నలభైకి. వదిన చెయ్యి పట్టుకుని ఉంది. నేను నాడి చూస్తున్నాను.

అక్టోబరు 31, గురువారం

పేపరు ఇచ్చేశాను. అందరూ వద్దన్నారు, గడువు పెంచుతామన్నారు. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను?

ఇచ్చేముందు రెండో పేరాలో 'ఏడుగురు' కొట్టేసి 'ఎనిమిదిమంది' అని రాశాను. మేడం ఆ అంకె దగ్గర వేలు పెట్టి, "ఏడు కదా?" అన్నారు.

"మంగళవారం నుంచి ఎనిమిది మేడం."

అన్నయ్య పోయిన సంగతి ఆవిడకి ఎవరో చెప్పినట్టున్నారు, అప్పుడు గుర్తొచ్చింది. వేలు తీసి, కాగితాలకి పిన్ను కొట్టి ఇచ్చారు.

నవంబరు 9, శనివారం

మళ్ళీ డ్యూటీ. ఐదో మంచం మీద ఎవరో కొత్తాయన. బరువెంత అని అడిగాను. అడిగి, మొహం వంక చూశాను. ఆయన కంగారుపడి, "ఎక్కువొచ్చిందా సిస్టర్?" అన్నాడు.

నవంబరు 21, గురువారం

కమిటీ. పొడుగు బల్ల, అటుపక్క ఐదుగురు. పది నిమిషాలిచ్చారు, ఏడు నిమిషాల్లో అయిపోయింది. చివర కూర్చున్నాయన అడిగారు.

"దీనివల్ల ఎంతమంది తిరిగి చికిత్సకి వస్తారంటారు?"

"తెలీదు సార్."

"ఒక్క అంచనా అయినా లేకుండా ఎలా?"

ఏదో ఒక అంకె చెప్పేస్తే అయిపోయేది. "ఒక్కరు కూడా రాకపోవచ్చు సార్" అన్నాను. పెద్ద డాక్టరు గారు తల పట్టుకోవడం కనపడింది.

బయట బెంచీ మీద గంటసేపు కూర్చోబెట్టి, ఒప్పుకున్నామని చెప్పారు. ఆరు నెలలకి. మనిషికి ఒక్కసారే వెళ్ళాలట, ముప్పావు గంట. రెండోసారి వెళ్తే పరిశోధన కాకుండా పరామర్శ అవుతుందట.

వదినకి చెప్పాను. "మంచిదే," అంది. పొయ్యి కట్టేసి, "ఇప్పుడా?" అంది.

డిసెంబరు 10, మంగళవారం

మొదటి ఇల్లు. రైల్వే టికెట్ కౌంటర్లో పనిచేసేదట ఆవిడ. ఐదు నెలలుగా వస్తోంది, నిన్న రాలేదు. మామూలు చీర కట్టుకుని వెళ్ళాను. మూడో అంతస్తు, మెట్ల నిండా చెప్పులు, సైకిళ్ళు. తలుపు తనే తీసింది. ఒక్కతే ఉంటుంది.

"తిట్టడానికొచ్చావా?"

"కాదు."

"తీసుకెళ్ళడానికా?"

"కాదండీ. అడగడానికి."

కాసేపు నన్ను నమ్మలేదు. కూర్చోమంది. పుస్తకం తీశాను. మొదట ఏమీ లేదంది, ఒంట్లో బాగాలేదంది. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం చాలా కష్టమైంది. ఆవిడ పాదాలు చీర అంచు కింద ఉన్నాయి, అటు చూడలేదు.

అప్పుడు మొదలుపెట్టింది. పక్క మంచం ఆవిడ కిందటి నెల చనిపోయింది. నాలుగు నెలలు ఇద్దరూ ఒకరివైపు ఒకరు మొహాలు తిప్పుకుని మాట్లాడుకునేవాళ్ళు. మర్నాడే ఆ మంచం మీద వేరే మనిషి. ఎవరూ ఏమీ అనలేదు. దుప్పటి మార్చారు.

ఆ దుప్పటి నేనే మార్చాను. రాసుకున్నాను.

ముప్పావు గంట అయిపోయింది. గంటంపావు అయింది. ఆవిడ చెప్తూనే ఉంది. కౌంటర్ దగ్గర మనుషులు చిల్లర కోసం ఎలా పోట్లాడేవాళ్ళో చెప్పి నవ్వించింది. నేను పుస్తకం మూశాను, అప్పుడూ చెప్తూనే ఉంది. లేచాను. రేపు బుధవారం, ఆవిడ వంతు ఉంది. రండి అన్న మాట గొంతు దాకా వచ్చింది. అనలేదు.

గుమ్మం దగ్గర, "మళ్ళీ ఎప్పుడొస్తావు?" అని అడిగింది.

ఒక్కసారేనండీ అని చెప్పాలి. "చూద్దాం," అన్నాను.

డిసెంబరు 11, బుధవారం

ఆవిడ రాలేదు.

డిసెంబరు 12, గురువారం

మేడంకి చెప్పలేదు, సార్‌కీ చెప్పలేదు. డ్యూటీ దిగి ఆవిడ ఇంటికెళ్ళాను. పుస్తకం పట్టుకెళ్ళలేదు.